పాత జెన్, మారుతి 800లలో బ్లోయర్ మోటార్ మార్చడం: మొదటి స్క్రూ నుంచి ట్రయల్ దాకా

"సార్, బ్లోయర్ తిరగడం లేదు. కొత్త మోటార్ ఎంతవుతుంది?" ఏప్రిల్ వచ్చిందంటే పాత కార్లు ఉంచుకున్నవాళ్ల నుంచి ఇదే ప్రశ్న. బ్లోయర్ అంటే ఏసీ, హీటర్ గాలిని కారు లోపలికి తోసే ఫ్యాన్. తిరుపతి ఎండలకి అడగకుండా ఎలా ఉంటారు! కార్తీకంలో మరో గుంపు మొదలవుతుంది. వానలో తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే ముందు అద్దానికి లోపలి నుంచి ఆవిరి పట్టి మలుపే కనబడటం లేదంటారు. ఎండాకాలంలో బ్లోయర్ లేకపోతే చెమట పడుతుంది, అంతే. వానలో కొండ మీద లేకపోతే అది ప్రాణం మీదికి వచ్చే వ్యవహారం.

ఇద్దరికీ నేను చెప్పేది ఒకటే. మోటార్ ధర తర్వాత అడుగుదురు గానీ, ముందు పోయింది మోటారేనా కాదా తేల్చుకోండి. ఒకవేళ మోటారే అయితే, అది ఎందుకు పోయిందో కూడా తెలియాలి. కారణం అలాగే ఉంచి కొత్తది బిగిస్తే అదీ అదే దారి పడుతుంది.

కింద రాసింది చేత్తో తిప్పే నాబ్, జరిపే లీవర్ ఉన్న పాత జెన్, 800, ఎస్టీమ్ లాంటి కార్ల కోసం. వీటిలో బ్లోయర్ ఎడమ పక్కన, గ్లవ్ బాక్స్ వెనకాల ఉంటుంది. ఆటోమేటిక్ క్లైమేట్ ఉన్న కార్ల పద్ధతి వేరు.

1. ముందు రోగం తేల్చుకోండి

"గాలి రావడం లేదు" అనే ఒక్క మాట వెనకాల చాలా రకాల జబ్బులుంటాయి. ఇంజిన్ ఆపి, తాళం ఆన్‌లో పెట్టి, కిటికీలు మూసి, నాబ్‌ను ఒక్కో స్పీడ్‌లో కాసేపు ఉంచి వినండి.

• ఏ స్పీడ్‌లోనూ చప్పుడే లేదు: ఫ్యూజు, కప్లర్ (వైర్లను కలిపే ప్లాస్టిక్ జోడు), ఎర్త్ (కారు బాడీకి కలిసే మైనస్ దారి), చివరికి మోటార్. ఈ వరసలోనే అనుమానించండి.
• ఆఖరి స్పీడ్ ఒక్కటే పనిచేస్తోంది: రెసిస్టర్ పోయింది. మోటార్ జోలికి వెళ్లక్కర్లేదు.
• కింది స్పీడ్‌లు ఉన్నాయి, ఆఖరిది లేదు: స్విచ్ లోపలి కాంటాక్ట్, లేదా ఆ ఒక్క వైరు.
• మోటార్ చప్పుడు బాగానే ఉంది, గాలి తక్కువ: చెత్త అడ్డం, గాలి దారి మార్చే ఫ్లాప్ ఇరుక్కోవడం, లేదా ఎవాపరేటర్ (ఏసీలో గాలిని చల్లబరిచే భాగం) మడ్డి పట్టడం.
• డాష్‌బోర్డ్‌ను తడితే తిరుగుతుంది, మళ్లీ ఆగిపోతుంది: కార్బన్ బ్రష్‌లు (మోటార్ లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే ముక్కలు) అరిగాయి, లేదా కప్లర్ లూజు.
• పొద్దున్నే కీచుమని, కాసేపటికి సర్దుకుంటుంది: బుష్ (మోటార్ ఇరుసు తిరిగే రింగు) ఎండిపోయింది.
• టకటకమని ఒకే లయలో కొడుతోంది: ఫ్యాన్‌లో ఆకో పుల్లో పడింది.

ఆఖరి స్పీడ్ ఒక్కటే ఎందుకు బతుకుతుంది అంటే, మిగతా స్పీడ్‌లలో కరెంటు రెసిస్టర్ తీగల గుండా వెళ్లి బలం తగ్గుతుంది. ఆఖరి స్పీడ్‌లో మాత్రం రెసిస్టర్‌ను దాటుకుని నేరుగా వెళుతుంది. మోటార్ కంటే రెసిస్టర్ చాలా చవక. రెండు స్క్రూలు, ఒక కప్లర్, పది నిమిషాల పని. అయినా ఈ లక్షణానికే మోటార్ మార్చేసి, అదే సమస్యతో మళ్లీ తిరుగుతున్న కార్లు మన ఊళ్లో తక్కువేం లేవు.

ఇంకొకటి. గంట సేపు ఏసీలో ప్రయాణించాక గాలి సన్నబడి, ఏసీ ఆపి కాసేపాగితే మళ్లీ మామూలుగా వస్తోందా? కింద నీళ్లు కూడా గట్టిగా కారుతున్నాయా? అయితే ఎవాపరేటర్ మీద ఐస్ గడ్డ కడుతోంది. అది బ్లోయర్ జబ్బు కాదు, ఏసీ మెకానిక్ పని.

దీనికి తిరగేసిన పొరపాటు ఇంకా ఖరీదైనది. చాలా కార్లలో బ్లోయర్ ఆన్‌లో లేకపోతే ఏసీ కంప్రెసర్ (గ్యాస్‌ను నొక్కి పంపే పంపు) పని మొదలుపెట్టదు. బ్లోయర్ సరఫరా తెగితే ఏసీ కూడా చచ్చినట్టే ఉంటుంది. "గ్యాస్ అయిపోయింది సామీ, కొట్టిస్తే సరిపోతుంది" అని ఎవరైనా అంటే, ముందు గాలి వస్తోందో లేదో చూపించమనండి. గాలే రాని కారుకి గ్యాస్ కొట్టించి లాభం లేదు.

2. మీటరుతో పరీక్ష

మామూలు డిజిటల్ మల్టీమీటర్ చాలు. డీసీ వోల్టులు, 20 రేంజ్‌లో పెట్టండి.

మొదట ఫ్యూజు. డాష్‌బోర్డ్ కింద ఉన్న పెట్టె మూత మీద ఏది హీటర్‌కో రాసి ఉంటుంది, బ్లోయర్‌దీ అదే. కంటితో చూసి బాగుందనుకోవద్దు, తీసి మీటరుతో కంటిన్యుటీ (ఈ కొస నుంచి ఆ కొసకి కరెంటు పోతోందా) చూడండి. సన్నగా చిట్లిన ఫ్యూజు కంటికి దొరకదు. ఫ్యూజు కూర్చునే కాళ్లు గోధుమ రంగుకి మారి ఉంటే అక్కడ పట్టు లేక వేడెక్కుతోందని అర్థం.

తర్వాత మోటార్ కప్లర్. దీన్ని ఊడదీయకుండా, వెనక వైపు నుంచి మీటర్ సూదిని వైరు పక్కనుంచి లోపలికి దూర్చి చూడాలి. నల్ల సూది బాడీ ఎర్త్‌కి. తాళం ఆన్, నాబ్ ఆఖరి స్పీడ్.

ఈ కార్లలో సాధారణంగా మోటారుకి 12 వోల్టులు ఫ్యూజు నుంచి నేరుగా వస్తాయి. స్విచ్, రెసిస్టర్ ఉండేది ఎర్త్ వైపు. ఈ ఒక్క సంగతి తెలియక చాలామంది తికమక పడతారు. నాబ్ ఆఫ్‌లో ఉన్నా మోటార్ రెండు వైర్ల మీదా 12 వోల్టులు కనబడితే కంగారు పడకండి, అది సహజమే. ఆఖరి స్పీడ్‌లో పెట్టాక ఏం చూపిస్తోందన్నదే లెక్క.

• రెండు వైర్ల మీదా సున్నా: సరఫరా రావడం లేదు. ఫ్యూజు, తాళం నుంచి వచ్చే వైరు చూడండి.
• రెండింటి మీదా 12: ఎర్త్ వైపు తెగింది. స్విచ్, దాని కప్లర్, ఎర్త్ బోల్టు చూడండి.
• ఒకదాని మీద 12, రెండోదాని మీద దాదాపు సున్నా, మోటార్ మాత్రం కదలదు: అప్పుడు మోటారే. లేదా ఫ్యాన్ దేనికో చిక్కుకుంది.

మూడోది వచ్చినా ఇంకో పరీక్ష చేయండి. కప్లర్ ఊడదీసి, బ్యాటరీ నుంచి రెండు వైర్లు నేరుగా మోటారుకి ఇవ్వండి. ప్లస్ వైరులో 15 ఆంపియర్ల ఫ్యూజు తప్పకుండా ఉండాలి. ఫ్యూజు లేకుండా చేస్తే, లోపల షార్ట్ ఉన్న మోటార్ ఆ వైరునే ఎర్రగా కాల్చేస్తుంది. నేరుగా ఇచ్చినా కదలకపోతే ఇక అనుమానం లేదు.

మోటార్ తిరుగుతున్నా నీరసంగా తిరిగితే వోల్టేజీ ఎక్కడ పోతోందో వెతకాలి. బ్లోయర్ ఆఖరి స్పీడ్‌లో తిరుగుతుండగా ఎర్ర సూది బ్యాటరీ ప్లస్ మీద, నల్లది మోటార్ ప్లస్ వైరు మీద పెట్టండి. అర వోల్టు కంటే ఎక్కువ చూపిస్తే ఆ దారిలో ఎక్కడో తుప్పో, లూజో ఉంది. ఎర్త్ వైపూ ఇలాగే చూడండి.

3. సిద్ధం చేసుకోవాల్సినవి

• స్టార్ స్క్రూడ్రైవర్లు: ఒకటి మామూలుది, ఒకటి బాగా పొట్టిది
• 8, 10 ఎంఎం బాక్సులు, చిన్న రాట్చెట్, ఎక్స్‌టెన్షన్
• తలకి కట్టుకునే టార్చి
• మల్టీమీటర్
• అంటించే నురగ పట్టీ, తలుపులకి వేసే రకం
• మెత్తటి పెయింట్ బ్రష్, వాక్యూమ్ క్లీనర్
• ఎలక్ట్రికల్ కాంటాక్ట్ క్లీనర్
• చేతి గ్లవ్స్, ముక్కుకి మాస్క్
• స్క్రూలు వేసుకోవడానికి మూడు నాలుగు చిన్న డబ్బాలు

టార్చి చేత్తో పట్టుకునేది వద్దు. ఈ పనిలో మీ తల డాష్‌బోర్డ్ కింద, కాళ్లు తలుపు బయట ఉంటాయి. రెండు చేతులూ పైకెత్తి పనిచేయాలి, నోట్లో టార్చి పెట్టుకుని కాదు.

4. విడిభాగం కొనేటప్పుడు

పాత మోటార్ విప్పాకే కొత్తది కొనండి. కారు ఒకట్రెండు రోజులు బ్లోయర్ లేకుండా ఆగుతుంది, ఫర్వాలేదు. ఒకే పేరున్న కారులో కూడా ఏడాదిని బట్టి, ఏసీ ఉందా లేదా అన్నదాన్ని బట్టి మోటార్ మారుతుంది. ఫోన్‌లో ఫొటో చూపించి కొంటే అది సరిపోవడం మీ అదృష్టం.

తిరుపతిలో దొరక్కపోతే మనవాళ్లు సహజంగా చెన్నై పుదుపేట వెళతారు. చిత్తూరు, పలమనేరు వైపువాళ్లు బెంగళూరు జేసీ రోడ్డుకి వెళ్లడం సులువు. ఎక్కడికెళ్లినా పాత మోటార్ ఫ్యాన్‌తో సహా సంచిలో ఉండాలి. కౌంటర్ మీద రెండూ పక్కపక్కన పెట్టి ఇవి సరిచూడండి.

• బిగించే చెవుల సంఖ్య, వాటి మధ్య దూరం
• ఇరుసు పొడవు, మందం
• ఫ్యాన్ వెడల్పు, ఎత్తు
• కప్లర్ ఆకారం, పిన్నుల సంఖ్య
• తిరిగే దిశ
• మోటార్ పక్కన గాలి గొట్టం తగిలించే ముక్కు ఉందా లేదా
• 12 వోల్టులదేనా (లారీలవి 24 వోల్టులవి ఉంటాయి)

"ఇది అన్నిటికీ సెట్ అవుతుంది అన్నా" అనే మాట వినగానే వెనక్కి పెట్టేయండి. ఇరుసు రెండు మిల్లీమీటర్లు పొడవైనా ఫ్యాన్ పైన గోడకి రాసుకుంటుంది. పొట్టిదైతే ఫ్యాన్ గాలి నోటికి కిందుగా ఉండిపోయి, చప్పుడు బాగానే ఉన్నా గాలి రాదు.

సెకండ్ హ్యాండ్‌ది తీసుకుంటున్నారా? ఇరుసు పట్టుకుని పక్కలకి ఊపండి. కదులుతున్నట్టు చేతికి తెలిస్తే వద్దు. షాపులోనే బ్యాటరీ పెట్టించి పది నిమిషాలు తిప్పించండి. ఆపాక వాసన చూడండి. కాలిన వార్నిష్ వాసన ఒక్కసారి తెలిసినవాళ్లకి మళ్లీ చెప్పక్కర్లేదు.

5. విప్పడానికి ముందు

కారు నీడలో, చదునుగా ఉన్నచోట పెట్టండి. హ్యాండ్‌బ్రేక్ వేయండి. ఎడమ పక్క సీటు పూర్తిగా వెనక్కి జరపండి, వీలైతే విప్పేయండి. ఆ సీటుకి నాలుగు బోల్టులు. అవి విప్పడానికి పట్టే పావుగంట మీ నడుముకి మిగులుతుంది.

బ్యాటరీ నెగటివ్ ముందు తీయాలి, చివర్లో పెట్టాలి. ప్లస్ ముందు తీస్తే పానా బాడీకి తగిలి నిప్పురవ్వలు వస్తాయి.

కనబడే ప్రతిదానికీ ఫొటో తీయండి. ముఖ్యంగా బయటి గాలి, లోపలి గాలి మార్చే లీవర్ తీగ ఏ క్లిప్పులో, ఎంత దూరంలో పట్టి ఉందో దగ్గరగా తీయండి. ఆ తీగ తొడుగు మీద క్లిప్పు ఉన్నచోట మార్కర్‌తో గీత పెట్టండి.

6. విప్పే వరస

గ్లవ్ బాక్స్ ఖాళీ చేసి మూత తెరవండి. లోపలి స్క్రూలు, కింద ఇరుసు పిన్నులు తీస్తే పెట్టె మొత్తం చేతికొస్తుంది. ఇరవై ఏళ్లు ఎండలో మాడిన ప్లాస్టిక్ అది. రానప్పుడు లాగకండి. రాకపోతే ఎక్కడో ఇంకో స్క్రూ ఉందనే అర్థం. వెనకాల అడ్డంగా ఇనప పట్టీ ఉంటే అదీ విప్పాలి.

ఇప్పుడు గుండ్రటి నల్ల పెట్టె కనిపిస్తుంది. దాని అడుగున మోటార్ తల కిందికి వేలాడుతూ ఉంటుంది. పక్కన చిన్న కప్లర్‌తో రెసిస్టర్.

మోటార్ కప్లర్ నొక్కుడు నాలుకను బాగా లోపలికి నొక్కి, కప్లర్ ఒంటిని పట్టుకుని లాగండి. వైరు పట్టుకుని లాగితే పిన్ను వెనకనుంచి ఊడొస్తుంది. మోటార్ నుంచి పెట్టెలోకి పోయే సన్నటి రబ్బరు గొట్టం ఉంటే దాన్ని తిప్పుతూ తీయండి. ఇది మోటార్‌ను చల్లబరిచే గాలి గొట్టం. పాత కార్లలో సగం వాటికి ఇది ఊడిపోయి, ఎవరో పారేసి ఉంటుంది. మోటార్ వేడెక్కి చావడానికి అదీ ఒక కారణమే.

మోటార్‌ను పట్టి ఉంచేవి సాధారణంగా మూడు స్క్రూలు. కింద రెండు సులువు. మూడోది అటు ముఖం పెట్టి గోడ వైపు ఉంటుంది. పొట్టి స్క్రూడ్రైవర్ దీనికోసమే. దీన్ని అన్నిటికంటే ముందు విప్పండి, సులువైన రెండూ చివర్లో. తలకిందులుగా చేస్తే ఒక్క స్క్రూ మీద మోటార్ వేలాడి చెవి విరుగుతుంది.

ఆఖరి స్క్రూ తిప్పుతున్నప్పుడు ఎడమ చెయ్యి మోటార్ కింద ఉండాలి. కాస్త తిప్పుతూ కిందికి దించితే ఫ్యాన్‌తో సహా వస్తుంది. ఇరుక్కుంటే పెట్టెకీ మోటారుకీ మధ్య అంటుకున్న పాత నురగ పట్టీ కారణం. పల్చటి బ్లేడు చుట్టూ తిప్పండి.

మోటార్ తీయడానికి ఏసీ గొట్టాల జోలికి వెళ్లక్కర్లేదు. ఎవరైనా గ్యాస్ వదలాలంటే, వాళ్లు పెట్టె మొత్తం దించే ఆలోచనలో ఉన్నారు. ఈ పనికి అంత అవసరం లేదు.

7. పెట్టె లోపల

మాస్క్, గ్లవ్స్ వేసుకున్నాకే టార్చి వేసి చూడండి.

వేపచెట్టు కింద పెట్టే కారైతే ఆకులు, ఈనెలు. చిత్తూరు వైపు తోటల్లో పెట్టే కార్లలో మామిడి పూత ఒక విచిత్రమైన పదార్థంగా మారి దొరుకుతుంది. జనవరి, ఫిబ్రవరిలో రాలిన పూత వైపర్ల కింది జాలీలోంచి దిగి, తేమకి నాని, ఎండకి ఎండి, ఫ్యాన్ రెక్కల మధ్య పిడచలా గట్టిపడుతుంది. బయటకు తీసి వేళ్లతో నలిపితే ఇంకా పూత కాడలు కనిపిస్తాయి. అది ఒక పక్కన బరువు పెంచేసరికి ఫ్యాన్ ఊగుతుంది, బుష్ అరుగుతుంది, మోటార్ ఎక్కువ కరెంటు లాగుతుంది, కప్లర్ కరుగుతుంది. మోటార్ పోయిందని మనం అనుకునే కథ చాలాసార్లు ఇక్కడే మొదలవుతుంది.

దూది, కాగితం ముక్కలు, నల్లటి రెట్టలు కనబడితే ఎలుకల కాపురమే. పొడిగా ఊడ్చొద్దు, వాక్యూమ్ పెట్టొద్దు. నీళ్లలో కొద్దిగా బ్లీచింగ్ కలిపి చిలకరించి, పది నిమిషాలు నానాక తడి గుడ్డతో ఎత్తి, కవర్లో కట్టి పారేయండి. ఎలుకల మూత్రంతో లెప్టోస్పైరోసిస్ లాంటి జ్వరాలు వస్తాయి. చేతికి కోతలు, గాయాలుంటే గ్లవ్స్ లేకుండా అసలు ముట్టుకోవద్దు.

పెట్టె అడుగున నీళ్ల మరకలు, తెల్లటి పొర ఉంటే నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో తేల్చాలి. వైపర్ల కింది కాలువలో ఆకులు అడ్డుపడితే వాననీళ్లు గాలి దారిలోంచి లోపలికి దిగుతాయి. ఎడమ పక్క కార్పెట్ తడిగా ఉంటే ఏసీ నీళ్లు పోయే గొట్టం కూడా మూసుకుని ఉండొచ్చు. ఈ రెండూ బాగుచేయకుండా కొత్త మోటార్ బిగించొద్దు.

ఇప్పుడే గాలి మార్చే లీవర్‌ను ఆ చివర నుంచి ఈ చివరకి జరుపుతూ ఫ్లాప్ పూర్తిగా మూసుకుంటోందా, తెరుచుకుంటోందా చూడండి. మళ్లీ ఈ అవకాశం దొరకదు.

8. పాత మోటార్ బతుకుతుందా?

బల్ల మీద పెట్టి ఫ్యాన్‌ను వేలితో తిప్పండి. తేలిగ్గా తిరిగి మెల్లగా ఆగితే బుష్‌లు బాగున్నట్టు. గరగరమంటే, పట్టి పట్టి ఆగితే అరిగినట్టు.

కార్బన్లు మాత్రమే అరిగితే ఆర్మేచర్ (మోటార్ లోపలి తీగ చుట్టలు) చుట్టే షాపులో కొత్తవి వేసిస్తారు. కంపెనీ మోటార్ దొరకని కారుకి ఇదే మంచి దారి. కమ్యుటేటర్ (కార్బన్లు ఆనే రాగి భాగం) మీద లోతుగా గాడి పడితే, రాగి నల్లగా మాడితే మాత్రం దాన్ని వదిలేయండి.

బుష్ కీచుమంటుంటే ఇరుసు మొదట్లో ఒక్క చుక్క కుట్టుమిషన్ నూనె. ఒక్క చుక్కే. ఎక్కువైతే అది కార్బన్ల మీదికి పాకి మసి ముద్ద చేస్తుంది. తుప్పు వదిలించే స్ప్రేలు కొట్టొద్దు, బుష్‌లో ఉన్న కాస్త నూనెనూ కడిగేస్తాయి. నూనె చుక్కతో వచ్చే ఊరట కొన్ని నెలలదే. ఈలోగా మోటార్ వెతుక్కోండి.

ఫ్యాన్‌ను పాత మోటార్ నుంచి తీయాల్సి వస్తే నట్టు మర ఏ వైపు తిరిగిందో ముందు చూడండి. కొన్నిటికి నట్టుకి బదులు క్లిప్పు ఉంటుంది. తిరగని నట్టును తిప్పుతూ రెక్కలు పట్టుకుంటే అవి విరుగుతాయి. ఇరుసు మీద ఫ్యాన్ ఎంత లోతులో కూర్చుందో స్కేలుతో కొలిచి రాసుకోండి.

ఫ్యాన్ కడిగేటప్పుడు రెక్క అంచున చిన్న లోహపు క్లిప్పు కనిపిస్తే చెత్త అనుకుని పీకేయకండి. బరువు సరిచూసి ఫ్యాక్టరీలో పెట్టింది అది. తీస్తే డాష్‌బోర్డ్ మొత్తం వణుకుతుంది.

9. కొత్తది బిగించడం

డబ్బాలోంచి తీసిన వెంటనే బిగించకండి. బ్యాటరీకి ఫ్యూజు వైరుతో తగిలించి బల్ల మీదే తిప్పి చూడండి, ఏ దిశలో తిరుగుతోందో గమనించండి.

దిశ గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఈ గుండ్రటి ఫ్యాన్ తిరగేసి తిరిగినా గాలి లోపలికి లాగదు, బయటికే తోస్తుంది. కానీ చాలా తక్కువ. అందుకే ప్లస్ మైనస్ తారుమారైనా "కొత్త మోటార్ వేశాను, గాలి వస్తోంది గానీ ఊపు లేదు" అనే ఫిర్యాదు వస్తుంది. కప్లర్ సరిపోక వైర్లు కోసి కలిపినవాళ్లకి ఇది మామూలు. ఫ్యాన్ రెక్కల వంపు, పెట్టె నత్తగుల్ల ఆకారం చూస్తే గాలి ఎటు సాగాలో తెలుస్తుంది.

పాత బ్రిటిష్ రెండు సీట్ల కార్లు ఉన్నవాళ్లకి ఇక్కడే ఒక హెచ్చరిక. ఎంజీబీ లాంటి వాటిలో 1967 చివరిదాకా వచ్చిన బళ్లు పాజిటివ్ ఎర్త్‌వి. బ్యాటరీ ప్లస్ బాడీకి ఉంటుంది. ఎవరైనా మధ్యలో నెగటివ్ ఎర్త్‌కి మార్చి ఉండొచ్చు కూడా. బ్యాటరీ కేబుల్ ఎటు పోతోందో కంటితో చూశాకే మోటారుకి వైర్లు కలపండి. వాటి హీటర్ పెట్టె ఇంజిన్ గదిలో, వెనక గోడకి ఉంటుంది కాబట్టి గ్లవ్ బాక్స్ విప్పే పని లేదు.

వరస ఇది.

• పాత నురగ పూర్తిగా గీకి, కొత్త పట్టీ ఒక చుట్టు అంటించండి. చివరలు ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు.
• మోటార్ లోపలికి పెట్టి, గాలి గొట్టం ముక్కు, కప్లర్ పాత దిశలోనే ఉన్నాయా చూడండి.
• మూడు స్క్రూలనూ చేత్తో మొదలుపెట్టి, తర్వాత కొంచెం కొంచెంగా మార్చి మార్చి బిగించండి. ప్లాస్టిక్‌లోకి దిగే స్క్రూ కాబట్టి ఆనగానే ఆపండి.
• బిగించాక ఫ్యాన్ ఎక్కడైనా తగులుతోందా, వేలితో తిప్పి వినండి.
• రబ్బరు గొట్టం తగిలించండి. పాతది లేకపోతే అదే లావున్న రబ్బరు గొట్టం కోసి వేయండి.
• కప్లర్ 'టక్' మనేదాకా నొక్కండి.

కప్లర్ కరిగి ఉంటే కొత్త కప్లర్ వేయాల్సిందే. కరిగినదాన్ని కోసి, వైర్లు మెలిపెట్టి టేపు చుట్టే పద్ధతి మన దగ్గర విరివిగా ఉంది. అది మళ్లీ వేడెక్కుతుంది. వైరును కాలిన భాగం దాటి కోసి, మంచి రాగి కనిపించాక, పిన్నును నొక్కి బిగించి (క్రింప్ చేసి), వేడికి బిగుసుకునే హీట్ ష్రింక్ గొట్టం తొడగండి. అసలు వైరు కంటే సన్నది కలపొద్దు.

నురగ పట్టీకి బదులు సిలికాన్ పూయొద్దు. గాలి ఆగుతుంది నిజమే, కానీ తర్వాతిసారి మోటార్ దించడానికి పెట్టె పగలగొట్టాలి.

10. ట్రయల్

గ్లవ్ బాక్స్ ఇంకా బిగించకండి. బ్యాటరీ నెగటివ్ పెట్టి, ప్రతి స్పీడ్‌లో రెండు నిమిషాలు తిప్పండి. స్పీడ్ పెరిగినప్పుడల్లా చప్పుడు సాఫీగా పెరగాలి.

రెసిస్టర్‌ను ఊడదీసి ఉంటే, దాన్ని పెట్టెలో దాని చోట బిగించాకే తిప్పండి. అది ఫ్యాన్ గాలితోనే చల్లబడుతుంది. బయట వేలాడుతూ కింది స్పీడ్‌లో నడిపితే నిమిషాల్లో కాగిపోయి, దానిలోని థర్మల్ ఫ్యూజు ఎగిరిపోతుంది. చెయ్యీ కాలుతుంది.

తర్వాత ఆఖరి స్పీడ్‌లో ఇరవై నిమిషాలు వదిలేయండి. ఇంజిన్ ఆన్‌లో ఉండాలి, లేకపోతే బ్యాటరీ దిగుతుంది. కారు బయటే ఉండాలి, మూసిన షెడ్డులో కాదు. ఆపాక కప్లర్‌ను, ఫ్యూజును ముట్టుకోండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. వేలు పెట్టలేనంత వేడైతే పని పూర్తి కాలేదు. డీసీ కొలిచే క్లాంప్ మీటర్ ఎవరి దగ్గరైనా ఉంటే కరెంటు చూడండి. మామూలు మల్టీమీటర్‌లో ఆంపియర్ల రంధ్రం 10 దగ్గర ఆగుతుంది, ఆఖరి స్పీడ్‌లో మోటార్ అంత లాగొచ్చు. దానితో ప్రయోగం వద్దు.

అన్నీ సరిపోయాక గ్లవ్ బాక్స్, సీటు బిగించండి. లీవర్ తీగ తీసి ఉంటే, గీత పెట్టిన చోటే దాని క్లిప్పు పెట్టండి.

వానాకాలానికి ఒక పరీక్ష మిగిలింది. గాలి ఎటు రావాలో మార్చే నాబ్‌ను అద్దం వైపు తిప్పి, లీవర్ బయటి గాలి వైపు పెట్టి, డాష్‌బోర్డ్ పైన అద్దం దగ్గర చెయ్యి పెట్టండి. రెండు పక్కలా గాలి తగలాలి. ఒక పక్కే వస్తే లోపలి గొట్టం ఊడిందని. తిరుమల ఎక్కే రెండో ఘాట్ రోడ్డులో మంచు దిగిన పూట లీవర్ లోపలి గాలి మీద ఉంటే ఎంత బ్లోయర్ పెట్టినా అద్దం తేటపడదు. మన ఊపిరి తేమే మళ్లీ మళ్లీ తిరుగుతుంటుంది. ఏసీ ఉంటే బయటి గాలితో పాటు ఏసీ కూడా వేయండి, తేమ లాగేస్తుంది.

11. బిగించాక వచ్చే తంటాలు

• కొత్త మోటార్, అయినా టకటక: స్క్రూనో క్లిప్పో పెట్టెలో పడింది. డబ్బాలో లెక్క చూడండి.
• కింది నుంచి ఉయ్‌మని గాలి చప్పుడు: నురగ పట్టీ ఒకచోట ముడతపడింది.
• ఫ్యూజు వెంటనే పోతోంది: గ్లవ్ బాక్స్ స్క్రూ కింద వైరు నలిగింది. పెద్ద ఫ్యూజు వేసి చూద్దాం అనుకోవద్దు. మూత మీద రాసిన ఆంపియర్లే వేయాలి, లేకపోతే కాలేది వైరింగ్.
• పూర్తిగా చచ్చింది: కప్లర్ సగమే దిగింది. పది కేసుల్లో తొమ్మిది ఇదే.
• వేడి గాలి వస్తోంది: మీరు పని చేస్తుండగా హీటర్ తీగ మోచేయి తగిలి క్లిప్పులోంచి ఊడింది.

12. మళ్లీ రాకుండా

వైపర్ల కింది జాలీకి లోపలి వైపు స్టీల్ మెష్ బిగించండి. రంధ్రం పావు అంగుళం లోపే ఉండాలి, అంతకంటే పెద్దదైతే చిట్టెలుక దూరుతుంది. దోమతెర వేయొద్దు. అది నెలకే దుమ్ము పట్టి గాలిని ఆపేస్తుంది. గ్రానైట్ లారీలు తిరిగే రోడ్ల మీద అయితే వారమే.

వానలకి ముందు ఒకసారి, మామిడి పూత రాలాక ఒకసారి జాలీ విప్పి చేత్తో ఎత్తి శుభ్రం చేయండి. ఒక చెంబు నీళ్లు కాలువలో పోస్తే ముందు చక్రం వెనకనుంచి కింద పడాలి. నిలబడితే అడ్డం ఉంది. సన్నటి ప్లాస్టిక్ గొట్టం దూర్చి తీయండి, ఇనప తీగ వద్దు, పెయింట్ గీరుకుని తుప్పు మొదలవుతుంది.

కారు నెలల తరబడి కదలకుండా ఉంటే వారానికోసారి బ్లోయర్ అన్ని స్పీడ్‌లలో ఐదేసి నిమిషాలు తిప్పండి. నిలబెట్టేటప్పుడు లీవర్ లోపలి గాలి వైపు పెడితే ఫ్లాప్ మూసుకుని ఎలుకలకి ఒక దారి తగ్గుతుంది. జాలీ విప్పిన రోజునే వైపర్ లింకేజీకి కాస్త గ్రీజు పెట్టేయండి, మళ్లీ అక్కడికి చెయ్యి దూరేది వచ్చే పూతకే.